గీతలు సీదా ఉన్నయా?

పెద్దాయన పోయిన సంగతి నాకు మా క్లాసు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. పైన పోయిన నెల క్లాసుకు వచ్చినవాళ్ల సర్టిఫికెట్లు, కింద వచ్చే ఆదివారం క్లాసు వివరాలు. ఆ రెండింటి మధ్య ఒక్క వాక్యం: లాల్‌దర్వాజా చష్మాల దుకాణం బాపు నిన్న పొద్దున కాలం చేసిండు. దాని కింద ఎవరో బొటనవేలు ఎత్తిన బొమ్మ పెట్టారు. పైనున్న సర్టిఫికెట్‌కు పెట్టబోయి దీనికి పెట్టి ఉంటారు. కాసేపటికి తీసేశారు. నాకు కోపం రాలేదు. ఆయనే చూసి ఉంటే ముందు నవ్వేవాడు కదా అనిపించింది. ఆ తర్వాత ఏడుపొచ్చింది.

నేను సైదాబాద్‌లో ఒక కళ్లజోళ్ల షాపులో కళ్లు పరీక్ష చేస్తాను. నాలుగేళ్లు చదివి పేరు వెనక డిగ్రీ తగిలించుకున్నదాన్ని. అయినా మా పనిలో చదువు అంతటితో అయిపోదు. ఏటా కొన్ని గంటలు క్లాసుల్లో కూర్చోవాలి, పాయింట్లు తెచ్చుకోవాలి. మా షాపు యజమాని ఆ సర్టిఫికెట్లకు ఫ్రేములు కట్టించి గోడకు తగిలిస్తాడు. నెలకో ఆదివారం ఒక కంటి ఆసుపత్రి మేడ మీది హాలులో రెటీనా జబ్బుల మీద క్లాసు జరుగుతుంది. రెటీనా అంటే కంటి లోపల వెనకవైపున ఉండే పలచటి పొర, మనం చూసే బొమ్మ పడేది దాని మీదే. ఆదివారం గనక నేను చర్చి మానాల్సి వస్తుంది. మా అమ్మ ప్రతిసారీ చెప్పులు వేసుకునే దాకా ఆగి మరీ అడుగుతుంది, "ప్రభువుకు ఏం చెప్పాలెనే? మా బిడ్డ పాయింట్ల కోసం పోయిందని చెప్పాల్నా?" అని.

పెద్దాయనకు ఆ పాయింట్లతో పనే లేదు. ఆయనకు డిగ్రీ లేదు. తండ్రి దగ్గర అద్దాలు అరగదీయడం నేర్చుకుని, తండ్రి కూర్చున్న స్టూలు మీదే కూర్చుని, నలభై ఏళ్లకు పైగా లాల్‌దర్వాజాలో కళ్లజోళ్లు చేసి ఇచ్చినవాడు. హాలు గుమ్మం దగ్గర మేమంతా సంతకాలు పెట్టే కాగితంలో రిజిస్ట్రేషన్ నంబరు అని ఒక గడి ఉంటుంది. అందులో ఆయన తన దుకాణం ఫోన్ నంబరు రాసేవాడు. బల్ల దగ్గర కూర్చునే అమ్మాయి మొదట్లో ఒప్పుకోలేదట. నాకున్న నంబరు అదొక్కటే అని చెప్పాడట. సర్టిఫికెట్ చేతికిస్తే మాత్రం వెనక్కి ఇచ్చేసేవాడు. మా దుకాణం గోడకు జాగ లేదమ్మా అనేవాడు.

ఊరందరికీ కళ్లజోళ్లు చేసే మనిషి సొంత కళ్లజోడు కాడకు మాత్రం దారం చుట్టి ఉండేది. నల్లదారం. అది నలిగితే మళ్లీ కొత్త దారం చుట్టుకునేవాడు కానీ కాడ మార్చేవాడు కాదు. ఇంకో అలవాటు, ఎదుటి మనిషి కళ్లజోడు మాసి ఉంటే ఊరుకోలేకపోవడం. అడక్కుండా ముఖం మీంచి తీసేసుకుని, కుళాయి కింద కడిగి, జేబులోంచి మెత్తటి గుడ్డ తీసి తుడిచి, మళ్లీ ఆయనే తొడిగేవాడు. ఒకసారి టీ విరామంలో మాకు పాఠం చెప్పే డాక్టరమ్మది కూడా అలాగే లాక్కున్నాడు. ఆవిడ రెటీనా ఆపరేషన్లు చేసే మనిషి, ఆవిడ ముందు నిలబడాలంటేనే మాకు నోరు పెగలదు. ఆవిడ మాత్రం చంటిపిల్లలా కళ్లు చికిలించుకుని ఆయన తుడిచేదాకా నిలబడింది.

ఇక ఆయన ప్రశ్న. హాలులో దీపాలు తగ్గించి డాక్టరమ్మ తెర మీద బొమ్మలు వేస్తుంది. కంటి లోపలి పొరలను కేకు ముక్క కోసినట్టు చూపించే మిషను బొమ్మలు. ఇక్కడ నీరు చేరింది, ఇక్కడ రక్తం కారింది, ఇక్కడ పొర ఊడింది. మేము తలలు ఊపుతూ ఫోన్లతో ఫొటోలు తీసుకుంటూ ఉంటాం. సరిగ్గా అప్పుడు రెండో వరస చివర్లో ఒక చెయ్యి లేస్తుంది.

"అమ్మా, గిది మా దుకాణంల ఎట్ల ఎర్కైతది?"

ప్రతి క్లాసులో ఇదే ప్రశ్న. మీ మిషను మంచిదే, మా దగ్గర లేదు కదా, ఈ జబ్బు ఉన్న మనిషి మా దుకాణం మెట్టెక్కి వచ్చినప్పుడు ఏమంటాడు, ఎట్లా చూస్తాడు, మేం ఏం అడగాలి అని. డాక్టరమ్మ ఆగి, వెనక్కి వెళ్లి, మొదటినుంచి చెప్పేది. ఆయన పాత క్యాలెండరు కాగితాల వెనక వైపున రాసుకునేవాడు. అప్పటికి కింద భోజనం పొట్లాలు వచ్చి ఉంటాయి, బగారన్నం వాసన మెట్ల మీంచి పైకి వస్తూ ఉంటుంది. చుట్టూ కుర్చీల్లోంచి నిట్టూర్పులు వినిపించేవి. దాచడం ఎందుకు, అందులో నాదే పెద్దది. ఆయన ఎప్పుడూ నా పక్కనే కూర్చునేవాడు. అందరూ మా వైపు తిరిగి చూస్తుంటే ఆయనేదో మా నాన్న అయినట్టు నాకు తల కొట్టేసినట్టుండేది. ఒక ఆదివారం ముందే వెళ్లి పక్క కుర్చీలో నా బ్యాగు పెట్టాను. ఆయన వచ్చాడు, బ్యాగు చూశాడు, ముందు వరసలోకి వెళ్లి కూర్చున్నాడు. ఆ బ్యాగులో ఒక నీళ్ల సీసా, గొడుగు తప్ప ఏమీ లేవు. అది గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

రెండేళ్ల కిందట డాక్టరమ్మ మాకొక పని పెట్టింది. వచ్చే క్లాసుకు ఒక్కొక్కరు మీ దగ్గరికి వచ్చిన ఒక మనిషి కథ చెప్పాలి అంది. మేమంతా మేం గెలిచిన కథలే తెచ్చాం. జబ్బును మొదట్లోనే పట్టేశాం, వెంటనే పంపేశాం, కన్ను నిలబడింది, ఇంటివాళ్లు మిఠాయి తెచ్చారు. వరసగా అవే. పెద్దాయన వంతు వచ్చింది. ముందుకు నడిచి, జేబు రుమాలు మూట విప్పి, బల్ల మీద మూడు కళ్లజోళ్లు పక్కపక్కన పెట్టాడు.

"గివి మూడు ఒక్క మనిషివే. మా గల్లీల టైలర్. మొదటిసారి వచ్చినప్పుడు ఏమన్నడంటే, బట్ట మీద గీత సక్కగ వస్తలేదు, నా స్కేలు వంకరైంది అన్నడు. స్కేలు చూసిన, మంచిగనే ఉంది. నంబరు పెరిగిందనుకొని గీ మొదటి జోడు చేసిచ్చిన. రెండు నెలలకు మళ్ల వచ్చిండు. కొత్త స్కేలు కొనుక్కున్నడంట, గది గుడ వంకరనే అన్నడు. మళ్ల నంబరు పెంచిన. మూడోసారి గుడ గంతే. దవాఖానకు పొయ్యేసరికి కుడి కన్ను నడుమ చూపు పోయింది. మొదట్లనే వస్తే సూదిమందుతోని నిలుస్తుండె అన్నరు. ఆయన స్కేలు మార్చిండు, నేను అద్దం మార్చిన. కన్ను లోపట చూపియ్యాలెనని ఇద్దరికి తెల్వలే."

ఆ టైలరు మీ మీద కోపం తెచ్చుకున్నాడా అని డాక్టరమ్మ మెల్లిగా అడిగింది. ఆయన కళ్లజోళ్లు మళ్లీ మూట కడుతూ జవాబిచ్చాడు.

"లేదమ్మా. ఇంకో కన్నుకు నంబరు చూపిచ్చుకోనికి ఇప్పటికి నా తానికే వస్తడు. గదే నాకు కష్టమైతది."

ఆయన క్లాసులకు రావడం మొదలుపెట్టింది ఆ టైలరు కన్ను పోయిన తర్వాతే అని మాకు అప్పుడు తెలిసింది.

ఆ రోజు భోజనం పొట్లం విప్పి ముందు పెట్టుకున్నాను కానీ ముద్ద దిగలేదు. నాకు ఒక మనిషి గుర్తొచ్చాడు. మా చర్చిలో పాటలు పాడే అన్న, సిటీ బస్సు డ్రైవరు. ఇల్లు బార్కస్ వైపు. పదేళ్లుగా షుగరు ఉంది. నాలుగు నెలల్లో నా దగ్గరికి రెండుసార్లు వచ్చాడు, చూపు మసకగా ఉంది చెల్లె అని. రెండుసార్లూ నంబరు మార్చి పంపాను. షాపులో జనం ఉన్నారు, యజమాని నా వెనకే నిలబడి ఉన్నాడు, పొద్దుపోతోంది. ఇవన్నీ నాకు నేను చెప్పుకున్న సాకులు. షుగరు ఉన్న మనిషికి నంబరు మాటిమాటికి మారుతోందంటే లోపల చూపించాలని మొదటి క్లాసులోనే చెప్పారు. దాని ఫొటో కూడా నా ఫోనులో ఉంది.

నేను తినకపోవడం చూసి పెద్దాయన వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. బ్యాగు సంగతి మనసులో ఏమాత్రం పెట్టుకున్నట్టు లేదు. నేను అంతా చెప్పేశాను. ఇప్పుడే ఫోన్ చెయ్యమన్నాడు. చేశాను. డ్రైవరన్న నవ్వేశాడు. ఆసుపత్రికి పోతే షుగరు కన్ను అని కాగితం రాస్తారని, అది డిపోలో తెలిస్తే స్టీరింగు మీంచి దించేస్తారని, తనకేం కాలేదని అన్నాడు. ఫోను పెట్టేశాక పెద్దాయన కొంచెంసేపు ఆలోచించాడు.

"దవాఖాన అంటే రాడు బిడ్డా. చాయ్ తాగనికి నా దుకాణంకు పిలువు. ఫికర్ చేయకు, నేను చూస్కుంట."

ఆ దుకాణం గురించి చెప్పాలి. రెండు కుర్చీలు పట్టేంత గది. ఎదురుగా సన్నటి గల్లీ, గల్లీకి అవతల స్టీలు గిన్నెల దుకాణం. దానికి రెండు షట్టర్లు. ఒకటి పైకి ఎత్తి ఉంటుంది, రెండోది పగలంతా దించే ఉంటుంది. వ్యాపారం చేసుకునే మనిషి సగం దుకాణం మూసి పెట్టుకోవడం ఏమిటని కొత్తవాళ్లు అనుకుంటారు. అది పెద్దాయన కోసం. డాక్టరమ్మ క్లాసులో గళ్ల కాగితం ఒకటి చూపించింది. ఒక కన్ను మూసుకుని దాన్ని చూస్తే, రెటీనా నడిభాగంలో వాపు ఉన్నవాళ్లకు గీతలు వంకరగా కనిపిస్తాయి, లేదా మధ్యలో కొంత మాయమవుతుంది. ఆ కాగితాలు మా దగ్గర చిరిగిపోతాయి, పోతాయి అన్నాడు పెద్దాయన. దుకాణానికొచ్చి చూస్తే ఎదురుగా అడ్డగీతల షట్టరు. ఇక మెట్టెక్కిన ప్రతి మనిషినీ గుమ్మంలో నిలబెట్టి, ఒక కన్ను మూయించి, గా షట్టర్ చూడు, గీతలు సీదా ఉన్నయా అని అడగడం మొదలుపెట్టాడు. ముక్కుకు ప్యాడ్ మార్చుకోవడానికి వచ్చినవాళ్లను కూడా వదలలేదు. ఒక పెయింట్ల కంపెనీ వాళ్లు ఆ షట్టరు మీద ఉచితంగా రంగు వేసి తమ పేరు రాసుకుంటామంటే గిన్నెల దుకాణం ఆయన సరేనన్నాడట. పెద్దాయన రెండు రోజులు లొల్లి చేసి ఆపించాడు.

డాక్టరమ్మ దీనికి ఒక షరతు పెట్టింది. గీతలు వంకరగా ఉన్నాయంటే వెంటనే పంపండి, కానీ సీదాగా ఉన్నాయని షుగరు వాళ్లను వదిలేయకండి, ఏడాదికోసారి కంట్లో చుక్కలు వేయించుకుని లోపల చూపించుకోవాల్సిందే అంది. ఆ మాటను ఆయన తెలుగులో, ఉర్దూలో పెద్ద అక్షరాలతో రాయించి దుకాణంలో తగిలించాడు. గోడకు జాగ లేదన్న మనిషి.

నేను చాయ్‌కని పిలిస్తే మర్నాడు డ్యూటీ దిగి డ్రైవరన్న ఆ దుకాణానికి వచ్చాడు. పెద్దాయన అరగంట సేపు కళ్ల మాటే ఎత్తలేదు. ఏ రూటులో గుంతలు ఎక్కువ, బోనాల నాడు బస్సు ఎటు తిప్పుతారు, చాయ్‌లో చక్కెర మానేస్తే ఎట్లుంటుంది, ఇవే. మాట మధ్యలో లేచి డ్రైవరన్న కళ్లజోడు తీసి తుడిచి తొడిగాడు. నేను పరీక్ష రాసే పిల్లలా చేతులు నలుపుకుంటూ కూర్చున్నాను. అప్పుడు గుమ్మం వైపు చూపించి, జర గట్ల నిలబడు, కుడి కన్ను మూసుకుని గా షట్టర్ చూడు అన్నాడు. సీదాగనే ఉన్నాయన్నాడు డ్రైవరన్న. ఇప్పుడు ఎడమది మూయమన్నాడు.

డ్రైవరన్న ఎడమ కన్ను మూశాడు. చెయ్యి తీశాడు. మళ్లీ మూశాడు.

"నడుమ లేదు బాపు," అన్నాడు.

ఏది లేదు అని అడిగాడు పెద్దాయన.

"షట్టర్ నడుమ. గీతలు గీడిదాంక వచ్చి ఆగిపోయినయ్."

అన్నాళ్లూ మంచి కన్ను చెడ్డ కన్నును కప్పిపెట్టింది. ఆ కన్నుతోనే అంత జనాన్ని ఎక్కించుకుని తిరిగాడు. ఆ ఆలోచన ముగ్గురికీ ఒకేసారి వచ్చినట్టుంది. తర్వాత డ్రైవరన్న నా నౌకరి పోతది బాపు అని మెట్టు మీద కూలబడ్డాడు. పెద్దాయన ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. ఎదురు దుకాణం ఆయనకు కేకేసి, జర నా దుకాణం చూడు అని చెప్పి, గల్లీ చివర ఆటో ఆపించాడు. ముగ్గురం ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లాం. చుక్కలు వేసి, స్కాన్ తీసి, రెటీనా నడుమ వాపు ఉందన్నారు. ఇంకొంచెం ఆలస్యమైతే చేయడానికి ఏమీ ఉండేది కాదన్నారు. నెల నెలా కంట్లోకి ఇంజెక్షన్లు, కొంత లేజరు. చూపు చాలావరకు తిరిగి వచ్చింది, పూర్తిగా కాదు. స్టీరింగు మాత్రం పోయింది. ఇప్పుడు డిపోలో కూర్చునే పని చేస్తున్నాడు.

డ్రైవరన్న నాతో ఆరు నెలలు మాట్లాడలేదు. చర్చిలో నన్ను చూస్తే అవతలి వరసలోకి వెళ్లేవాడు. తట్టుకోలేక పెద్దాయనతో చెప్పుకున్నాను. కోపం రాక ఏమైతది, రానియ్యి, కన్నైతే ఉంది కదా అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. నీ మీద కోపం చేసేటోడు ఉన్నడు, నన్ను ఒక్కమాట అననోడు ఉన్నడు, ఎవరిది నయం చెప్పు అని. ఆ తర్వాత ప్రతి క్లాసులో నేనే ఆయన కోసం పక్క కుర్చీలో బ్యాగు పెట్టి ఆపేదాన్ని.

పోయిన వారం, ఆయన దినాలు అయ్యాక, లాల్‌దర్వాజా వెళ్లాను. ఇంట్లోవాళ్లను పలకరించి దుకాణం దాకా నడిచాను. తాళం వేసి ఉంది. దాని మెట్టు మీద ఎదురు గిన్నెల దుకాణం ఆయన కూర్చుని ఉన్నాడు. బేరాలు లేని వేళ అని, ఊరికే వచ్చి కూర్చున్నానని చెప్పాడు. ఇన్నేళ్లలో ఆ మెట్టు మీద కూర్చోవడం ఇదే మొదలట. పెద్దాయనే ఎప్పుడూ గల్లీ దాటి ఆయన దగ్గరికి వెళ్లి గిన్నెల మధ్య కూర్చునేవాడు. ఇద్దరం కొంచెంసేపు ఆయన గురించి మాట్లాడుకున్నాం. ఎదురుగా ఒక షట్టరు ఎత్తి ఉంది, ఒకటి దించి ఉంది. ఇంకా ఎందుకు దించి పెట్టారని నేను అడగలేదు. ఆయనే మొదలుపెట్టాడు.

"షట్టర్ ఖరాబైంది మేడమ్. నడుమ లోపటికి వంగింది, చూడుర్రి. బోనాలప్పుడు ఏదో బండి తగిలి ఉంటది. నిన్న మిస్త్రీని పిలిచిన. గాడు దారం పట్టి చూసి, సీదాగనే ఉంది సేటు అంటుండు. గానికే కండ్లు సక్కగ లేవు. మీ తానికి పంపుత, జర నంబరు చూడుర్రి."

నేను షట్టరు చూశాను. గీతలన్నీ సీదాగా ఉన్నాయి.

టైలరు స్కేలు గుర్తొచ్చింది. లేచి నిలబడి, అన్నా జర ఇట్ల రా అని ఆయన్ని గుమ్మంలోకి పిలిచాను. నా అరచేత్తో ఆయన ఎడమ కన్ను మూసి, ఇప్పుడు చూడు అన్నాను. సీదాగ అయింది అన్నాడు, నేనేదో మంత్రం వేసినట్టు. చెయ్యి మార్చి కుడి కన్ను మూశాను. మళ్ల వంగింది అన్నాడు. రోజూ ఈ గుమ్మంలో జనాన్ని ఒక కన్ను మూసుకుని నిలబడగా చూసినవాడు, విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

"అందర్ని అడిగిండు మేడమ్," అన్నాడు. "నన్నొక్కన్ని అడగలే."

"నువ్వెప్పుడు షట్టర్ అవతలనే ఉంటివి కదన్నా," అన్నాను.

రేపు పొద్దున పోదాం, ఇంకాసేపట్లో బేరాల టైమ్ అన్నాడు. ఇప్పుడే పోవాలె అన్నాను. నా గొంతులో ఏం వినపడిందో, ఆయన వెంటనే గల్లీ దాటి వెళ్లాడు. బయట పేర్చిన బకెట్లు లోపల పెట్టి, ఎత్తి ఉన్న రెండో షట్టరు కూడా కిందికి లాగి తాళం వేశాడు. రెండూ దించి ఉన్న ఆ దుకాణాన్ని పట్టపగలు నేనెప్పుడూ చూడలేదు. ఆయన వచ్చేలోపు గుమ్మంలో నిలబడి ఒక కన్ను మూసుకుని చూశాను. తర్వాత రెండోది మూసుకుని చూశాను. గల్లీ చివరికి వెళ్లి ఆటో ఆపాను.